పదిమందిలో పాము

పదిమందిలో పాము చావదని సామెత. కర్రలు పట్టుకున్నవాళ్ళు పదిమంది, పాము ఒక్కటే. అయినా అది నింపాదిగా పాకుతూ పోయి పుట్టలో దూరుతుంది. పక్కవాడు కొడతాడులే అని ఎవడికి వాడు అనుకోవటం ఒక కారణం. కొట్టబోయినవాడి కర్ర పక్కవాడి కర్రకు తగలటం రెండో కారణం. ఇరవయ్యేళ్ళుగా ఈ సామెతను క్లాసులో చెపుతున్నాను గాని, దాని అర్థం నాకు పూర్తిగా బోధపడింది మాత్రం మొన్న వేసవిలో, సికిందరాబాదులో ఒక కంప్యూటర్ల దుకాణంలో నిలబడి వున్నప్పుడు.

తెలుగు మాస్టరుకూ కంప్యూటర్ల దుకాణానికీ ఏమిటి సంబంధం అంటారేమో. మనవి చేస్తాను.

నాకు చదువు చెప్పిన మాస్టారు ఒకరున్నారు. ఎనభయ్యారేళ్ళు. మాకు రెండు వీధుల అవతలే కాపురం. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వాన వ్యవసాయ వృత్తిపదాల కోశం వెలువడింది. దాన్ని చదివిన నాటినుంచీ మా మాస్టారికి ఒకటే పిచ్చి. సేద్యానికి సంబంధించిన మాట ఎక్కడ అచ్చులో కనబడినా, దాన్ని ఒక చీటీ మీద రాసుకోవాలి. ఏ సంచిక, ఎన్నో పేజీ అన్నది కింద వెయ్యాలి. ఆ చీటీని బిస్కట్ల డబ్బాలో పడెయ్యాలి. అలా పదకొండు డబ్బాలు నిండాయి. పదేళ్ళ కిందట ఒక వానాకాలం ఇంట్లోకి నీళ్ళొచ్చి, అందులో రెండు డబ్బాలు తడిసి ముద్దయ్యాయి. సిరా కారిపోయింది. మాటలు ఆయనకు జ్ఞాపకమున్నాయి. ఎక్కడ చూశారో అదే జ్ఞాపకం లేదు. తీరా ఇప్పుడు కళ్ళు కూడా ఆనటం లేదు.

ఆ రెండు డబ్బాల మాటలూ ఒకే పాత వారపత్రికలోవి. దాని సంపుటాలు, పద్దెనిమిదేళ్ళవి, మా ఊరి గ్రంథాలయంలో బైండు చేసి వున్నాయి. పేజీ తిప్పితే అప్పడంలా విరుగుతుంది. మరో నాలుగు వానాకాలాలు పోతే అవీ వుండవు. అంచేత నేనూ, నా శిష్యులు నలుగురూ కలిసి రెండు వేసవులు కూర్చుని పేజీ పేజీకీ ఫోటో తీశాము. మొత్తం అరవైవేల పేజీలు.

ఫోటోలు తీసేసరికి పని అయిపోయిందనుకున్నాను. నిజానికి అప్పుడే మొదలైంది. ఫోటో అంటే బొమ్మ, అక్షరం కాదు. అందులో 'నాగలి' అన్న మాట ఎక్కడుందో వెతకమంటే కంప్యూటర్‌కు తెలియదు. ఆ బొమ్మను చూసి ఇది 'నా', ఇది 'గ' అని గుర్తుపట్టి అక్షరాలుగా మార్చే ప్రోగ్రాం కావాలి. అలాటిది వుంది. పేరు టెస్సెరాక్ట్. 1985 నుంచి 1994 దాకా హ్యూలెట్ పకార్డ్ కంపెనీలో తయారై, 2005లో అందరికీ ఉచితంగా విడుదలైంది. తెలుగు కూడా చదువుతుంది. మన ఒత్తులూ గుడులూ చూసి తడబడుతుంది గాని, చదువుతుంది. మనకు మాత్రం మొదటి తరగతిలో తడబాటు లేదా?

మా ఇంట్లో నాలుగు కోర్ల పాత ల్యాప్‌టాప్ ఒకటుంది. కోరు అంటే ఒక పనివాడనుకోండి. ఒక ప్రాసెసర్ చిప్పులో నలుగురు పనివాళ్ళున్నారన్నమాట. దానిమీద ఒక పేజీ పెట్టి చూస్తే, వంకర సరిచేసి, మరకలు తుడిచి, అక్షరాలు గుర్తుపట్టేసరికి ఒక్కొక్క కోరుకు ముప్ఫై సెకన్లు పట్టింది. ఈ లెక్క చూసుకుని నేను బెంబేలెత్తిపోయాను. అరవైవేల పేజీలకు పద్దెనిమిది లక్షల సెకన్లు! కావలసింది ఎక్కువ ప్రాసెసర్లున్న కంప్యూటర్ అని ఆ క్షణానే తీర్మానించుకున్నాను.

సరిగ్గా ఆ వారమే మా ఆవిడకు చీటీ పాట వచ్చింది. అరవైవేల రూపాయలు. వంటింటి స్లాబు కారుతోందని, దాని కోసం రెండేళ్ళుగా నెలనెలా కడుతూ వచ్చిన చీటీ అది. మాస్టారి చీటీల కోసం మా ఆవిడ చీటీకి ఎసరు పెట్టటమంటే మాటలు కాదు గదా. రెండు రోజులు గొంతు సవరించుకుని, మూడోనాడు కాఫీ తాగేటప్పుడు కదిపాను.

ఆవిడ కోప్పడలేదు. అంతకన్న కష్టమైన పని చేసింది. లెక్క అడిగింది.

"పద్దెనిమిది లక్షల సెకన్లంటే ఎన్ని గంటలండీ?"

"అయిదువందలు."

"మన ల్యాప్‌టాప్‌లో నలుగురు పనివాళ్ళున్నారన్నారు గదా. నలుగురికీ పంచితే?"

"నూట ఇరవై అయిదు."

"రోజుకు పదిగంటలు నడిపితే పన్నెండున్నర రోజులు. పదేళ్ళు ఆగిన పని పన్నెండు రోజులు ఆగలేదా?"

నాకు నోట మాట రాలేదు. సెకన్లలో చూసి హడిలిపోయానే గాని, దాన్ని రోజుల్లోకి మార్చి చూడాలన్న ఇంగితం నాకు లేకపోయింది. పాఠకులెవరైనా ఇలాటి పెద్ద కంప్యూటర్ కొనే ఆలోచనలో వుంటే, మొట్టమొదట చెయ్యవలసిన పని ఇదేనని మనవి. దుకాణానికి వెళ్ళకముందే మీ పనిలో నూరోవంతు ఇంట్లో వున్న యంత్రంమీద నడిపి, గడియారం చూసుకోండి. సగంమందికి ఆ తరవాత దుకాణానికి పోయే అవసరమే వుండదు.

నాకు మాత్రం అవసరం తీరలేదు. ఎందుకంటే పేజీలను ఒక్కసారి చదివిస్తే చాలదు. మొదటిసారి చదివించి, తప్పులు చూసి, ఆ పత్రిక అచ్చుకు తగ్గట్టు సర్దుబాట్లు చేసి, మళ్ళీ చదివించాలి. అరడజనుసార్లయినా తప్పదు. అంటే డెబ్బయ్ అయిదు రోజులు. అన్నాళ్ళు ఆ ల్యాప్‌టాప్ మా అమ్మాయికి దొరకదు. దాని చదువుకు అదే ఆధారం. పైగా అరగంట గట్టిగా పని చేయిస్తే, దానిమీద దోసె పొయ్యొచ్చు. ఇదంతా విన్నాక మా ఆవిడ, "సరే, వెళ్ళి చూసిరండి. కొనేముందు మాత్రం ఫోను చెయ్యండి" అంది.

తెల్లవారుజామున గుంటూరులో పల్నాడు ఎక్స్‌ప్రెస్ ఎక్కి సికిందరాబాదులో దిగాను. స్టేషనుకు మా బావమరిది వచ్చాడు. హైదరాబాదులో కంప్యూటర్ల కంపెనీలో ఉద్యోగం. చదువుకునే రోజుల్లో రెండు ప్రాసెసర్ల పిచ్చి వుండేదతనికి. అప్పట్లో ఒక బోర్డుమీద రెండు ప్రాసెసర్లంటే కంపెనీలు కొనుక్కునే సర్వర్ల మాట. సామాన్యుడికి అందేది కాదు. 1999లో ఏబిట్ అనే కంపెనీ బీపీ6 అని ఒక బోర్డు తీసింది. చౌకరకం సెలెరాన్ చిప్పులు రెండు కొని అందులో గుచ్చుకోవచ్చు. "ఆ బోర్డు కోసం మేం ముగ్గురం స్నేహితులం చందాలు వేసుకున్నాం, బావా. తీరా పెడితే, మేం ఆడే ఆటలు ఒక ప్రాసెసర్నే వాడుకునేవి. రెండోది గోళ్ళు గిల్లుకుంటూ కూచునేది" అన్నాడు. 2005లో మామూలు కంప్యూటర్లకు కూడా ఒకే చిప్పులో రెండు కోర్లు రావటం మొదలైంది. ఇప్పుడు సెల్‌ఫోన్లలో ఎనిమిదేసి వుంటున్నాయి.

పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ అని వుంది. మన ఊళ్ళలో బట్టల బజారు ఎలాగో, అక్కడ కంప్యూటర్ల బజారు అలాగ. ఆ చుట్టుపక్కల పాత సరుకు అమ్మే ఒక దుకాణానికి తీసుకుపోయాడు. అక్కడ కనబడింది, నేను కలలు కన్న యంత్రం. ఏదో పెద్ద కంపెనీవాళ్ళు వాడి పారేసిన వర్క్‌స్టేషన్. లోపల రెండు జియాన్ ప్రాసెసర్లు, ఇంటెల్ 2016లో తెచ్చిన ఈ5-2680 వీ4 రకం. ఒక్కొక్కదానిలో పధ్నాలుగు కోర్లు, వెరసి ఇరవయ్యెనిమిది. వచ్చినప్పుడు లక్షల ఖరీదు చేసిన యంత్రం. ఇప్పుడు నలభై అయిదువేలు అన్నాడు దుకాణదారు.

"తెరమీద చూడండి సార్, యాభయ్యారు!" అని చూపించాడు కూడాను.

ఆ యాభయ్యారు సంగతి మా బావమరిది విప్పాడు. ఒక్కొక్క కోరూ రెండేసి పనులు మార్చి మార్చి పట్టుకుంటుంది గనక తెరమీద రెట్టింపు కనిపిస్తుంది. ఒక కూలీ చేతికి రెండు కొడవళ్ళు ఇచ్చినట్టు. ఒక కొడవలి పదును పెడుతుండగా రెండోదానితో కొయ్యొచ్చు. కొంత లాభమే, కాని ఇద్దరు కూలీలయితే కారు. అంచేత లెక్కపెట్టవలసింది కోర్లనేగాని తెరమీది గళ్ళను కాదు.

నేను జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశాను. అందులో రెండువందల ఎనభై పేజీలు పట్టుకొచ్చాను. పెళ్ళిచూపులకు వెళ్ళినవాళ్ళు పాట పాడించుకున్నట్టు, యంత్రం చేత మన పని చేయించి చూడకుండా కొనకూడదని ముందే అనుకున్నాను. దుకాణదారు కుర్రవాడు మంచివాడు, ఒప్పుకున్నాడు. ఇరవయ్యెనిమిది పేజీలు ఒకేసారి మొదలుపెట్టాము. పంకాలు హోరుమన్నాయి. గళ్ళన్నీ ఎర్రగా నిండాయి. నాకు ఒళ్ళు పులకరించింది.

అయిదు నిమిషాలయింది, పది అయింది, పదిహేను అయింది. అప్పటికి సగం పేజీలు కూడా అవలేదు. ఒక్కొక్క కోరుకు మా ల్యాప్‌టాప్ కోరు వేగమే వేసుకున్నా ఈపాటికి అయిపోవాలి. ఇరవయ్యెనిమిదిమంది పనివాళ్ళు వుండి ఇదేమిటి?

మా బావమరిది కాసేపు తెరవంక చూసి నవ్వాడు. "పదిమందిలో పాము, బావా!"

సంగతేమిటంటే, ఈ టెస్సెరాక్ట్‌కు ఒక గుణం వుంది. ఒక్క పేజీ ఇచ్చినా సరే, దాన్ని తనలో తాను నాలుగు ముక్కలు చేసి నలుగురు పనివాళ్ళకు పంచాలని చూస్తుంది. ఇంట్లో ఒకే పేజీ నడిపినప్పుడు అది మంచిదే. ఇక్కడ ఇరవయ్యెనిమిది పేజీలూ ఒక్కొక్కటి నలుగురిని పిలిచాయి. నూటపన్నెండుమంది వచ్చి ఇరవయ్యెనిమిది పీటలమీద కూచోబోయారు. తోపులాటతోనే పొద్దుపోయింది, పని సాగలేదు. ఒక పేజీకి ఒక్కడే చాలని ప్రోగ్రాంకు ముందుగా చెప్పాలి. దానికి ఒక్క వాక్యం చాలు. ఆ వాక్యం కొట్టి మళ్ళీ నడిపాము. ఆరు నిమిషాల్లో రెండువందల ఎనభై పేజీలూ అయిపోయాయి.

అప్పుడు బోధపడింది నాకు సామెత. ఇంటికొచ్చి ల్యాప్‌టాప్ మీద కూడా అదే వాక్యం వాడాను గాని, ఆ మాట తరవాత.

జీన్ ఆమ్‌డాల్ అనే ఇంజనీరు 1967లోనే ఈ వ్యవహారానికి ఒక లెక్క చెప్పాడట. మనకు నాట్లు వేసేవాళ్ళ మాటగా చెప్పుకుంటే సులువు. పొలంలోకి ఎంతమందిని దింపితే నాట్లు అంత తొందరగా అవుతాయి. కాని నారుమడి నుంచి నారు మోసుకొచ్చేవాడు ఒక్కడే అయితే? మొత్తం పనిలో పదోవంతు ఎవరికీ పంచటానికి వీల్లేని పని అనుకోండి. ఎనిమిదిమందిని పెడితే పని నాలుగున్నర రెట్లకు కాస్త పైన వేగమవుతుంది. ఇరవయ్యెనిమిదిమందిని పెడితే ఏడున్నర రెట్లు. వెయ్యిమందిని దింపినా పది రెట్లు దాటదు. కూలి మాత్రం వెయ్యిమందికీ ఇవ్వాలి.

నా పని అదృష్టవశాత్తూ అలాటిది కాదు. ఏ పేజీకి ఆ పేజీ. ఒకదానితో ఒకదానికి నిమిత్తం లేదు. ఇలాటి పనికి ఎన్ని కోర్లున్నా పనికొస్తాయి. అసలు ఒకే యంత్రంలో వుండవలసిన అవసరం కూడా లేదు. 1994లో అమెరికాలో నాసా వాళ్ళ గొడ్డార్డ్ కేంద్రంలో స్టెర్లింగ్, బెకర్ అనే ఇద్దరు పదహారు మామూలు 486 ప్రాసెసర్లను తీగలతో కలిపి ఒక పెద్ద యంత్రంలా పని చేయించారు. దానికి బేవుల్ఫ్ అని పేరు పెట్టారు. 1997లో ఓక్ రిడ్జ్‌లో మరి ఇద్దరు ఇంకా తెగించి, ఆఫీసులో పక్కన పడేసిన పాత కంప్యూటర్లు ఏరి, కానీ ఖర్చు లేకుండా అలాటిదే కట్టుకున్నారు. మన పూనాలో సీడాక్ వాళ్ళు 1991లో తయారుచేసిన పరమ్ 8000 కూడా చిన్న చిన్న ప్రాసెసర్లను చాలా ఒకచోట చేర్చినదే. చీమలు ఏనుగును మోసినట్టు.

ఇహ ధర సంగతి. నలభై అయిదువేలకు ఇరవయ్యెనిమిది కోర్లంటే కారుచౌకే. అయినా చవకసరుకు కొనేటప్పుడు వెంట వచ్చేవాటి ధర అడగాలి. మూత తీసి చూస్తే మెమరీ ముక్కలు రెండే వున్నాయి, ఒక్కొక్క ప్రాసెసర్‌కు ఒకటి చొప్పున. ఆ ప్రాసెసర్ ఒక్కొక్కదానికీ మెమరీ వచ్చే దారులు నాలుగేసి. నాలుగు తూముల చెరువుకు ఒకే తూము ఎత్తి, పొలం ఎండిపోతోందేమని అడిగితే ఎలా? మొత్తం మెమరీ పదహారు గిగాబైట్లు. నా పేజీ ఒక్కొక్కదానికి అరగిగాబైటు కావాలి. ఇరవయ్యెనిమిది పేజీలకు పధ్నాలుగు. మిగిలిన రెంటిలో కంప్యూటర్ తన సొంత సంసారం ఈదుకోవాలి. ఇంకా మెమరీ కొందామంటే, అది సర్వర్లకు వాడే రకం. దీనికి తప్ప మామూలు బోర్డులకు పనికిరాదు. పైగా 2025 చివరినుంచి మెమరీ ధరలు బంగారాన్ని చూసి నేర్చుకున్నాయి. కృత్రిమ మేధ కోసం కడుతున్న పెద్ద పెద్ద కేంద్రాలు ఆ చిప్పులన్నీ ఎత్తుకుపోతున్నాయట.

"కరెంటు డబ్బా పాడైతే?" అని అడిగాను. అది ఆ కంపెనీ సొంత కొలతలది, బజారులో దొరికేది పట్టదు అన్నాడు కుర్రవాడు. గ్యారంటీ ఏడురోజులు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, అడిగినవాటికి దాచకుండా చెప్పాడు. అడగనివి చెప్పలేదు. అది వ్యాపారం.

అక్కణ్ణుంచి కొత్త సరుకు దుకాణానికి వెళ్ళాము. అక్కడ ఎనిమిది కోర్ల చిప్పు చూపించారు. ఏఎండీ కంపెనీ 2021లో తెచ్చిన రైజెన్ 7 5700జి. చిన్నదే గాని చురుకైనది. పెన్‌డ్రైవ్ పెట్టి చూస్తే, జియాన్‌లో ఒక కోరు ముప్ఫయ్యారు సెకన్లు తీసుకున్న పేజీని ఇక్కడ ఒక కోరు ఇరవైలో తేల్చింది. పేరు చివర 'జి' వుంటే బొమ్మ చూపించే ఏర్పాటు చిప్పులోనే వుందని గుర్తట. అది లేని చిప్పు కొంటే వేరే గ్రాఫిక్స్ కార్డు కొనాలి. దుకాణదారు పెద్ద గ్రాఫిక్స్ కార్డు ఒకటి అంటగట్టబోయాడు. నా పనికి అది కూసింత సాయం కూడా చెయ్యదు. అంబలి తాగేవాడికి మీసాలెత్తేవాడొకడా అని వద్దన్నాను.

మెట్లమీద కూచుని కాగితం తీశాను. ఈసారి సెకన్లలో కాదు, మా ఆవిడ నేర్పినట్టు గంటల్లో. అరవైవేల పేజీలు ఒకసారి చదవటానికి పాత యంత్రానికి ఇరవైఒకటిన్నర గంటలు. కొత్తదానికి నలభైరెండు. అంటే పాతది రెండు రోజులు, కొత్తది నాలుగు రోజులు. ఆరుసార్లు చదివిస్తే పదమూడు రోజులకూ పాతిక రోజులకూ మధ్య తేడా.

కరెంటు ఖర్చులో పాతది దారుణంగా వుంటుందనుకున్నాను. కాని న్యాయంగా చెప్పాలంటే అలా లేదు. అది నాలుగువందల వాట్లు లాగినా సగం కాలంలో వదిలేస్తుంది. ఒకసారి చదవటానికి దానికి ఎనిమిదిన్నర యూనిట్లు, కొత్తదానికి నూటముప్ఫై వాట్ల లెక్కన అయిదున్నర. తేడా మూడు యూనిట్లే. రాత్రింబవళ్ళు పని వుండేవాళ్ళకు ఆ పాతది తప్పు బేరం కాదు. కాని నా పని పాతిక రోజుల్లో అయిపోతుంది. ఆ తరవాత అది ఇంట్లో మామూలు కంప్యూటరే. మా అమ్మాయి ఉత్తరం రాసుకుంటున్నా, ఊరికే వెలుగుతున్నా, పాతది నూటఇరవై వాట్లు లాగుతుంది, కొత్తది నలభై. రోజుకు ఎనిమిది గంటల లెక్కన నెలకు ఇరవైతొమ్మిది యూనిట్లూ, పది యూనిట్లూ. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదన్నమాట. అక్కడ తేలింది బేరం.

ఫోను చేశాను. మా ఆవిడ అంతా విని, "పన్నెండు రోజులు ఎక్కువ పడుతుందనేగా? మాస్టారికి నేను చెపుతాను లెండి" అంది.

ఎనిమిది కోర్ల చిప్పు, దానికి తగిన బోర్డు, మెమరీ ఎనిమిది గిగాబైట్లవి రెండు, ఒక ఎస్‌ఎస్‌డి, నికరమైన కరెంటు డబ్బా, మామూలు పెట్టె, చిన్న యూపీఎస్, అన్నీ కలిపి యాభైవేలకు లోపే అయినాయి. మెమరీ పదహారుది ఒకటి కాకుండా ఎనిమిదివి రెండు ఎందుకంటే, ఈ చిప్పుకు దారులు రెండు. రెండు తూములూ తెరిచి వుంచాలి. మిగిలిన పదివేలూ వంటింటి స్లాబుకు చాలీచాలకుండా సరిపోయాయి.

యూపీఎస్ సంగతి కూడా చెప్పాలి. వేసవిలో మా ఊళ్ళో కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు. అంచేత ఏ పేజీకి ఆ పేజీ అవగానే విడిగా దాచిపెట్టేలా ఏర్పాటు చేసుకున్నాను. కరెంటు పోతే పోయేది చేతిలో వున్న ఎనిమిది పేజీలే. మిగతావి భద్రం. పెద్దపని పెట్టుకున్నవాళ్ళకు ఇది ఇరవై కోర్లకంటె ఎక్కువ ఉపకారం. రాత్రిపూట అమ్మాయి ల్యాప్‌టాప్ ఖాళీగా వుంటే, దానికీ ఒక కట్ట పేజీలు అప్పగించేవాణ్ణి. ఇల్లాలికి ఆడపడుచు సాయం పట్టినట్టు.

నెల తిరిగేసరికి పని ఒక కొలిక్కి వచ్చింది. ఒక సాయంత్రం మాస్టారిని రిక్షామీద మా ఇంటికి తీసుకొచ్చి, యంత్రం ఎదుట కుర్చీ వేశాను.

"ఏం మాట వెతకమంటారు, మాస్టారూ?"

ఆయన తడుముకోలేదు. "గరిసె. మా ఊళ్ళో గరిసె అంటే వెదురుతో అల్లిన ధాన్యపుకొట్టు. ఒక కథలో మాత్రం ధాన్యం కొలతగా వాడారోయ్. ఆ చీటీ పోయింది. ఏ సంచికో తెలిస్తే చాలు. కుడివేపు పేజీ. పైన ఎడ్లబండి బొమ్మ వుంటుంది."

గరిసె అని కొట్టాను. రెప్పపాటులో జవాబొచ్చింది. ఏడుచోట్ల వుంది. ఏడూ ధాన్యపుకొట్లే. కొలత ఒక్కటీ లేదు. మళ్ళీ చూశాను. లేదు. నా మొహం చిన్నబోయింది. ఆ ఇరవయ్యెనిమిది కోర్లదే కొనవలసిందేమో, ఇంకో పదిసార్లు చదివించవలసిందేమో అని గొణిగాను.

మాస్టారు కళ్ళు మూసుకుని కాసేపు వూరుకున్నారు. తరవాత, "ఆ కథ రాసినాయనది పాత పద్ధతోయ్. ఆయన 'స' రాయడు. 'శ' పెట్టి వెతుకు" అన్నారు.

గరిశె అని కొట్టాను. ఒక్కటే వచ్చింది. ధాన్యం కొలతే. పేజీ తెరిచాను. పైన ఎడ్లబండి బొమ్మ.

ఆయన తెరకు మొహం ఆనించి చూశారు. కనబడలేదు కాబోలు, వాక్యం నన్నే చదవమన్నారు. రెండుసార్లు చదివించుకున్నారు. సంచికా, పేజీ అడిగి, మా అమ్మాయి చేత కొత్త చీటీ మీద రాయించి జేబులో పెట్టుకున్నారు.

"కుడివేపు పేజీయే గదూ?"

"ఎడమవేపు, మాస్టారూ."

"ఎడమవేపా!" అని బోసినోటితో నవ్వారు. "అయితే ఇన్నాళ్ళూ నేను తప్పు వేపు వెతుక్కుంటున్నానన్నమాట!"

రిక్షా ఎక్కించేటప్పుడు మా ఆవిడ ఆయనతో, "ఇంకా ఎన్ని మాటలున్నాయండీ?" అని అడిగింది.

"రెండు డబ్బాలమ్మా" అన్నారాయన. "రేపు ఎన్నింటికి రమ్మంటారు?"